బొంగులో అన్నం, మాంసం

పచ్చి వెదురు గొట్టాన్నే కుండగా చేసుకుని, నానిన బియ్యాన్నీ కారం పట్టించిన మాంసాన్నీ కలిపి కూరి, కొలిచిన నీళ్ళు పోసి, నిప్పుల మీద ఒకేసారి ఉడికించే వంట ఇది. అరకు లోయ, అనంతగిరి, పాడేరు మొదలుకుని దక్షిణాన రంపచోడవరం, మారేడుమిల్లి దాకా తూర్పు కనుమల్లో కనిపిస్తుంది. రోడ్డు పక్క అంగళ్ళలో దీన్ని బొంగు బిర్యానీ అంటారు. బియ్యం కలపకుండా ఒట్టి మాంసంతో చేసే ‘బొంగులో చికెన్’కు వచ్చినంత పేరు దీనికి రాలేదు. అయితే వంటగా చూస్తే దీనిదే కష్టమైన పని. మాంసం తన నీటిలో తనే ఉడికిపోతుంది. బియ్యం మాత్రం ఎసరు అడుగుతుంది, ఆ ఎసరు లెక్క తప్పిందంటే మూత తీసి సరిదిద్దుకునే వీలు బొంగులో ఉండదు.

పేరు

బొంగు అంటే లోపల బోలుగా ఉన్న వెదురు గొట్టం. హైదరాబాదు వీధి మాటల్లో ‘బొంగు’ అనేది ఏమీ లేదని కసురుకునే మాట. రెండు వాడుకల్లోనూ లోపల ఖాళీయే. అందుకే పట్నం కుర్రాళ్ళు అరకు వెళ్ళి ‘బొంగులో చికెన్’ బోర్డు చూసి మొదట నవ్వుతారు, తరువాత వరసలో నిలబడతారు.

‘బిర్యానీ’ అన్నది తగిలించిన పేరు. నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు, కుంకుమపువ్వు, పొరలు పొరలుగా సర్దడం, ఇవేవీ ఇందులో ఉండవు. పచ్చి బియ్యం, పచ్చి మాంసం ఒకే నీటిలో కలిసి ఉడుకుతాయి కాబట్టి పలావు అనడమే సబబు. కాని అంగడి బోర్డు మీద పలావు కంటే బిర్యానీ ఎక్కువ పిలుస్తుంది.

ఇంకో పేరుతో తికమక పడకూడదు. ‘వెదురు బియ్యం’ అంటే వెదురులో వండిన బియ్యం కాదు, వెదురు పూసి కాసినప్పుడు రాలే గింజలు. ముళ్ళ వెదురు ఇంచుమించు 30 నుంచి 50 ఏళ్ళకోసారి గుంపుగా పూస్తుంది, గింజ రాల్చి పొద మొత్తం చచ్చిపోతుంది. ఆ గింజలను ఏరి, దంచి, అన్నంలా వండుకుంటారు. ఒక మనిషి బతుకులో ఒకటి రెండుసార్లు దొరికే తిండి అది. ఇక్కడ చెప్పుకుంటున్నది ఎప్పుడూ దొరికే బియ్యం సంగతి.

కొండలు, అక్కడి తిండి

అరకు లోయ విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్లు, సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైబడిన ఎత్తు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. భగత, వాల్మీకి, కొండదొర, కోదు, పోర్జ, గదబ, కొటియ తెగల వాళ్ళు లోయలోనూ చుట్టూ కొండల మీదా ఉంటారు. తెలుగుతో పాటు ఆదివాసీ ఒడియా వినిపిస్తుంది. మారేడుమిల్లి వైపు వెళ్తే కొండరెడ్ల ఊళ్ళు ఎక్కువ.

ఈ కొండల్లో రోజువారీ తిండి బొంగు మాంసం కాదు. పొద్దున్నే చోడి అంబలి, మధ్యాహ్నం సామ అన్నమో వరి అన్నమో, దాంట్లోకి పప్పో ఆకుకూరో, వానాకాలంలో వెదురు కొమ్ముల కూర. అంబలిని పొలానికి సొరకాయ బుర్రలో పోసుకుని వెళ్ళేవారు. పోడు చేలలో సామలు, చోళ్ళు, కందులు కలిపి చల్లుతారు. పల్లపు మడుల్లో వరి. ఇప్పుడు ఇంటి బియ్యంలో పెద్ద వాటా రేషనుదే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఏజెన్సీలో ఇంటి సరుకులు అమ్మే డి.ఆర్. డిపోలు నడుపుతుంది, చింతపండు, తేనె, పసుపు లాంటివి కొంటుంది. ఉప్పు, ఎండు చేపలు కింద నుంచి వారపు సంతకు ఎక్కి వస్తాయి. పాడేరు పసుపు, చింతపల్లి వైపు పిప్పళ్ళు, కాఫీ తోటల్లో నీడ చెట్లకు పాకించిన మిరియాలు కిందికి దిగుతాయి. మసాలా దినుసులు ఇక్కడే పండుతాయి గాని, ఇంటి కూరలో అవి తక్కువే పడతాయి. ఉప్పు, పసుపు, మిరపకాయ, అంతే. మసాలా మైదానం వాళ్ళ అలవాటు.

మాంసం పండక్కి, చుట్టానికి, వేటకు. చైత్రంలో ఇటుకల పండుగ వస్తే మగవాళ్ళు రోజుల తరబడి వేటకు పోవడం అరకు ప్రాంతపు ఆచారం. (కోస్తాలో మేక మాంసాన్ని ‘వేట మాంసం’ అంటారు. అంగట్లో కొన్నదాన్ని కూడా వేట అనే పిలవడం ఆ మాట పాత రోజులను వదిలిపెట్టకపోవడమే కావచ్చు.) వేటకో, పోడుకో, పశువుల వెంటో అడవికి పోయిన మనిషి కుండ మోసుకుపోడు. కత్తి ఉంటుంది, ఉప్పూ నిప్పూ ఉంటాయి, వెదురు పొద పక్కనే ఉంటుంది. ఈ వంట పుట్టుక గురించి కొండల్లో చెప్పుకునేది ఇదే. రాతలో దాఖలా వెతకనక్కర్లేదు. చైనా దక్షిణం నుంచి ఇండోనేషియా దాకా వెదురు పెరిగే కొండల్లో చాలాచోట్ల వెదురులో వండడం వేర్వేరు పేర్లతో ఉండడమే చాలు. అవసరం ఒకటే అయితే ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు.

బొంగు కుండ ఎట్లా అవుతుంది

ప్రతి వెదురూ పనికిరాదు. తూర్పు కనుమల్లో ముఖ్యంగా రెండు రకాలు. సాధన వెదురు గోడ మందం, ఎండిన చోట పెరిగితే ఇంచుమించు గట్టి కర్రే, లోపల ఖాళీ చాలా తక్కువ. కర్రసాముకు, నిచ్చెనకు, గుడిసె వాసాలకు అది. వంటకు కావలసింది ముళ్ళ వెదురు. పొద చుట్టూ ముళ్ళ కొమ్మలు అల్లుకుని ఉంటాయి కనుక లోపలి గెడను తీయడమే సగం పని.

గెడ వయసూ చూడాలి. మూడేళ్ళు దాటిన వెదురులో నీరు తగ్గి, గోడ త్వరగా అంటుకుంటుంది. పచ్చగా, నిండా నీరున్న ఏడాది రెండేళ్ళ గెడ అయితే బయట నల్లగా మాడుతున్నా లోపల చల్లగానే పని చేస్తుంది. ఇందులో మాయ లేదు. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని మింగేస్తుంది. గోడలోని చెమ్మ, లోపలి ఎసరు ఉన్నంతసేపు లోపలి వేడి నీరు మరిగే స్థాయిని దాటదు. నీరు అయిపోయిన మరుక్షణం గోడ కాలడం మొదలవుతుంది. అందుకే అన్నం ఉడకడానికీ బొంగు పగలడానికీ మధ్య ఉండే సమయం తక్కువ.

లోపలి గోడకు పలుచని తెల్లటి పొర అంటుకుని ఉంటుంది. లేత వెదురులో ఆ పొర ఊడి అన్నాన్ని చుట్టుకుని వస్తుంది. తిన్నా ఏమీ కాదు. ముదురు వెదురులో అది గోడనే పట్టుకుని, మెతుకుల్ని కూడా పట్టుకుంటుంది. బొంగును చీల్చినప్పుడు అన్నం జారి పడుతుందా, గీకాల్సి వస్తుందా అన్నది ఈ పొర తేల్చే సంగతి.

ఒక కణుపును అడుగుగా ఉంచి, పై కణుపు కింద కోస్తారు. అంటే ఒక వైపు మూసి, ఒక వైపు తెరిచి ఉన్న గొట్టం. రెండు వైపులా కణుపులున్న గొట్టాన్ని నిప్పుల్లో పెట్టడం ప్రమాదం. లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి టపాకాయలా పేలుతుంది. తెరిచిన మూతిని కూడా బిగించి మూయరు, ఆకులు మడిచి దోపుతారు, ఆవిరి వాటి సందుల్లోంచి పోతుంది. ఆ ఆకు అడ్డాకు అయితే మేలు. విస్తళ్ళు కుట్టేది దాంతోనే, పెద్దది, త్వరగా చిరగదు. అడ్డాకు తీగ పేరు మోస్తున్న అడ్డతీగల ఊరు రంపచోడవరం పక్కనే ఉంది. అడ్డాకు దొరకని చోట అరిటాకు, అదీ లేకపోతే టేకాకు. టేకాకు చేతికీ అన్నానికీ ఎర్ర రంగు పూస్తుంది.

వెదురు కొమ్ముల్లో సయనైడ్‌ను వెలువరించే పదార్థం ఉంటుంది, అందుకే కొమ్ముల కూరకు ముందు వాటిని ఉడికించి నీళ్ళు పారబోస్తారు. మరి పచ్చి బొంగులో వండొచ్చా అని కొందరికి అనుమానం. ఆ పదార్థం ఎక్కువగా ఉండేది మొలకల్లో. పైగా అది మరిగే వేడికి నిలవదు.

ఎసరు

తెలుగులో అన్నం వండడానికి రెండు దారులు. నీళ్ళు ఎక్కువ పోసి, పలుకు చూసి, గంజి వార్చడం ఒకటి. బియ్యం తాగేటంత నీరు మాత్రమే పోసి ఇగిరేదాకా ఉంచడం రెండోది. ఈ రెండోదాని పేరు అత్తెసరు. ఎసరు మరీ కొంచెం తగ్గినా మెతుకు పలుకుగా మిగులుతుంది కాబట్టే కాబోలు, గట్టెక్కడానికి బొటాబొటిగా సరిపోయిన మార్కుల్ని అత్తెసరు మార్కులు అంటాం. మాంసం, బియ్యం ఒకే పాత్రలో వండితే వార్చే దారి మూసుకుపోతుంది. వారిస్తే రుచంతా గంజితో పోతుంది. కాబట్టి పలావులన్నీ అత్తెసరు వంటలే. వాటిలో బొంగుది మరీ కఠినమైన అత్తెసరు, ఎందుకంటే గరిటె తిప్పడానికీ, నీళ్ళు చిలకరించడానికీ దారి లేదు.

లెక్క ఇలా సాగుతుంది. లోపలి వ్యాసం ఆరున్నర సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న బొంగులో సుమారు 1.3 లీటర్లు పడుతుంది. ఉడికాక బియ్యం మూడింతలు ఉబ్బుతుంది. అందుకని 200 గ్రాముల బియ్యం, 300 గ్రాముల కోడి మాంసం, 350 మిల్లీలీటర్ల నీళ్ళు, అంతకు మించి కూరకూడదు. పైన నాలుగు వేళ్ళ ఖాళీ ఉండాలి. ఖాళీ లేకపోతే మెతుకులు పైకి తోసి ఆకుల్ని ఊడదీస్తాయి, లేదా కిందివి నలిగి ముద్దవుతాయి. మామూలుగా గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసే చోట ఇక్కడ గ్లాసున్నరే ఎందుకంటే, బియ్యం ముందే నానింది, పచ్చి మాంసం ఉడికేటప్పుడు తన నీరు తానే వదులుతుంది. కొత్త బియ్యం అయితే ఇంకో రెండు చెంచాలు తగ్గించాలి. పాత బియ్యం ఆ రెండు చెంచాలూ ఎక్కువ తాగుతుంది.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. 300 మీటర్లు ఎక్కేకొద్దీ నీరు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. విశాఖ బీచిలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీరు అరకులో 97 దగ్గరే మరిగిపోతుంది. మూడు డిగ్రీలేగా అనిపిస్తుంది. కాని మూత బిగించని పాత్రలో పప్పు ఉడకడం ఎంత ఆలస్యమవుతుందో కొండ మీదికి బదిలీ అయి వెళ్ళిన మైదానపు ఉద్యోగుల ఇళ్ళలో అడిగితే చెప్తారు. మాంసం, బియ్యం రెంటికీ పది నిమిషాలు అదనం.

చేసే తీరు

బియ్యం కడిగి అరగంట నానబెట్టి వడగడతారు. కోడి ముక్కలు చిన్నవిగా, బొంగు మూతిలో జారేటట్టు కొడతారు. ఎముకతో ఉంటేనే బాగు. ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి నూరి పట్టించి గంటసేపు పక్కన పెడతారు. అంగళ్ళలో దీనికి గరం మసాలా, పెరుగు, కొత్తిమీర, పచ్చిమిర్చి, ఉల్లిపాయ కలుస్తాయి. నూనె వెయ్యరు, వెయ్యాల్సిన పనీ లేదు. గోడకు చెమ్మ ఉంది కనుక అంటుకోదు, కోడి చర్మం కింద కొవ్వు మెతుకులకు సరిపోతుంది.

కూరడంలో వరస ఉంది. ముందు గుప్పెడు ముక్కలు అడుగుకు, ఆపైన ముక్కలూ బియ్యమూ కలిపినవి, చివర బియ్యం. అడుగు నిప్పులకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ముక్కలకు అక్కడ ఎక్కువ వేడి దొరుకుతుంది. గట్టిగా దట్టించకూడదు. బొంగును ఒకటి రెండుసార్లు నేలకేసి తట్టి సర్దితే చాలు. తరువాత నీళ్ళు, తరువాత ఆకు.

మంట మీద కాదు, కణకణలాడే నిప్పుల మీద. నిలబెట్టి కొంచెం వాలుగా, మూతి పైకి ఉండేటట్టు రాళ్ళకో ఇనుప కడ్డీకో ఆనిస్తారు. ఒట్టి చికెన్ బొంగును పడుకోబెట్టి కాల్చినా ఫరవాలేదు. బియ్యమున్న దాన్ని పడుకోబెడితే ఎసరు ఒక వైపుకే పోయి, పై సగం పలుకు, కింది సగం సంగటి అవుతుంది. అయిదు నిమిషాలకోసారి పావు చుట్టు తిప్పాలి. పావుగంటకు ఆకుల సందుల్లోంచి ఆవిరి, అరగంటకు నురగ, ఆ తరువాత నురగ ఆగి వాసన మారుతుంది. పచ్చి వెదురు వాసన పోయి కాలిన గడ్డి, చెరకు కలిసినట్టుండే వాసన వస్తుంది. చెవి దగ్గర పెడితే లోపల గుడగుడ ఆగిపోయి ఉంటుంది. అనుభవమున్న వాళ్ళు చూసే ఆనవాళ్ళు ఈ రెండే. ఫారం కోడి అయితే ముప్పావు గంటలో అయిపోతుంది. నాటుకోడి ముక్క అంతలో ఉడకదు. బియ్యం కలపదలిస్తే నాటుకోడిని ముందు విడిగా ముప్పాతిక వంతు ఉడికించి, ఆ నీళ్ళనే ఎసరుగా పోయడం తెలివైన పని.

దించాక పది నిమిషాలు ఉమ్మగిలనివ్వాలి. ఆకులు తీసి విస్తరిలోకి వంచి తడతారు, రాకపోతే కత్తితో పొడుగునా చీలుస్తారు. మెతుకు విడివిడిగా, కొంచెం పచ్చ, కొంచెం పొగచూరిన రంగులో ఉంటుంది. పక్కన ఉల్లిపాయ, నిమ్మచెక్క. కొండల్లో అయితే జీలుగు కల్లు. (ఈ కల్లు మీద వేసిన చిగురుపన్ను 1879 నాటి రంప తిరుగుబాటుకు కారణాల్లో ఒకటి. తిండీ తాగుడూ జోలికి రావడం ఎంత దూరం పోతుందో దొరలకు అప్పుడు తెలిసింది.)

ఇంటి పొయ్యి మీద

పట్నం ఇంట్లో పచ్చి బొంగు దొరకదు, దొరికినా గ్యాసు పొయ్యి మీద కాల్చడం పని కాదు. నీలి మంట ఒకే చోట తగిలి గోడ పగులుతుంది. కాబట్టి ఇంట్లో చేసేది బొంగు వంట కాదు, దాని ఎసరు పద్ధతి. అందుకు ప్రెషర్ కుక్కరు చాలు.

రెండు గ్లాసుల బియ్యం అరగంట నానాలి. అరకిలో కోడిమాంసానికి ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించాలి. ఇనుము, అల్యూమినియం గోడకు వెదురుకున్న చెమ్మ లేదు కనుక ఇక్కడ రెండు చెంచాల నూనె తప్పదు. ఒక ఉల్లిపాయ వేగాక ముక్కలు వేసి, మూత పెట్టి పది నిమిషాలు మగ్గనివ్వాలి. అడుగున చేరిన నీటిని చూసి, అది ఎంత ఉందో అంత తగ్గించి, మొత్తం మూడు గ్లాసులు అయ్యేటట్టు నీళ్ళు పోయాలి. పొయ్యి దగ్గర చాలామంది తప్పేది ఇక్కడే. ముక్కలు వదిలిన నీటిని లెక్కలో వేసుకోకుండా మళ్ళీ మూడు గ్లాసులు పోస్తారు, తరువాత ‘పలావు ముద్దయింది’ అని బియ్యాన్ని తిడతారు. ఎసరు మరిగాక ఉప్పు చూడాలి, నాలుక్కి ఒకింత ఎక్కువ అనిపించాలి, బియ్యం దాన్ని సగం చేస్తుంది. బియ్యం పోసి, కలిపి, మూత బిగించి, మధ్య మంట మీద రెండు విజిల్స్. ఆవిరి తనంతట తాను దిగాకే మూత.

కుక్కరులో రానిది పొగ వాసన. కాలిన బొగ్గును చిన్న గిన్నెలో పెట్టి అన్నం మధ్యలో ఉంచి, దాని మీద నెయ్యి చుక్క వేసి అయిదు నిమిషాలు మూస్తే కొంత వస్తుంది. అది వెదురు వాసన కాదు గాని, ఒట్టి కుక్కరు వాసన కంటే నయం. మట్టికుండలో, సన్న సెగ మీద చేస్తే ఇంకా దగ్గరికి పోతుంది.

సాసేజీ, ఉప్పుకండం

ప్రపంచంలో మిగతా చోట్ల ఒంటిపాత్ర మాంసాన్నం అంటే చాలాసార్లు సాసేజీ అన్నమే. అమెరికాలోని లూసియానాలో జంబలాయా, కాంటన్ వైపు మట్టికుండలో ఎండు సాసేజీతో అన్నం, మన దేశంలో గోవా చోరిసో పులావు. సాసేజీ అంటే తరిగిన మాంసాన్ని ఉప్పు, మసాలాతో పేగు తొడుగులో కూరి ఊరబెట్టిందో ఎండబెట్టిందో. వండేవాడికి దానితో సుఖమేమిటంటే ఉప్పూ కారమూ కొవ్వూ అందులోనే ఉన్నాయి. గోవా చోరిసోను తరిగి గిన్నెలో వేస్తే ఎర్రటి కొవ్వు కరిగి బియ్యానికి రంగూ రుచీ నూనే అన్నీ తనే ఇస్తుంది. బొంగుకూ పేగుకూ వరస కలపడం దూరపు చుట్టరికమే గాని, రెంటిలోనూ మాంసాన్ని ప్రకృతి ఇచ్చిన గొట్టంలో కూరడమే పని. ఒకటి వండే పాత్ర, రెండోది దాచే పాత్ర.

తెలుగువాళ్ళు మాంసాన్ని పేగులో కూరి దాచలేదు. పేగును బోటిగా విడిగా వండుకు తిన్నారు. దాచడానికి ఉప్పుకండం చేశారు. మాంసాన్ని పొడుగు చీలికలుగా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండలో ఆరబెట్టడం. దాన్ని వేయించుకుంటారు, పులుసు పెట్టుకుంటారు. అన్నంతో కలిపి వండడం అరుదు, కాని సాసేజీ అన్నం చేసే పని ఇది చక్కగా చేస్తుంది. గంటసేపు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, చిన్నగా తరిగి, ఉల్లిపాయతో వేయించి, నానిన నీటినే ఎసరులో కలపాలి. వేరే ఉప్పు రుచి చూడకుండా వెయ్యకూడదు.

విశాఖ, హైదరాబాదు సూపర్ మార్కెట్లలో దొరికే చికెన్ సాసేజీలు చాలావరకు ముందే ఉడికించినవి. పచ్చి కోడిలాగా నీరు వదలవు. కాబట్టి మూతపెట్టిన గిన్నెలో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పూర్తిగా పోయాలి, గ్లాసున్నర లెక్క ఇక్కడ పనికిరాదు. నాలుగైదు సాసేజీలను బిళ్ళలుగా కోసి ముందు నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి పక్కకు తీయాలి. అదే నూనెలో ఉల్లిపాయ, టమాటా, మిరియాల పొడి (అరకు మిరియాలైతే మరీ మంచిది), ఆపైన బియ్యం, నీళ్ళు. నీరు మెతుకు మట్టానికి దిగినప్పుడు బిళ్ళల్ని పైన పరిచి, సెగ తగ్గించి, పదినిమిషాలు మూత. మొదటినుంచీ ఎసట్లో ఉడికిస్తే అవి రబ్బరు ముక్కలవుతాయి.

ఇతర వెదురు వంటలు

కొరాపుట్ వైపు ఒడియావాళ్ళకూ వెదురులో కాల్చిన మాంసం ఉంది. అస్సాంలో బోరా బియ్యాన్ని వెదురులో వండి సుంగా సావుల్ అంటారు, మాఘ బిహూకు చేస్తారు. థాయిలాండ్, లావోస్‌లలో ఖావ్ లామ్, వియత్నాం కొండల్లో కోమ్ లామ్, మలేషియాలో రంజాను పండక్కి లెమాంగ్. వీటికీ మన బొంగు అన్నానికీ పెద్ద తేడా బియ్యంలో ఉంది. అక్కడ వాడేది జిగురు బియ్యం, ఉడికాక కొవ్వొత్తిలా గట్టిపడి వెదురును అరటిపండు తొక్కలా ఒలిస్తే చేతిలో నిలబడుతుంది. పైగా వాటిలో ఎక్కువభాగం కొబ్బరిపాలతోనో బెల్లంతోనో చేసే అన్నం, లేదంటే ఉత్త అన్నం. మాంసం పక్కన వడ్డిస్తారు. తెలుగు నాలుక పొడిపొడి మెతుకునే మెచ్చుకుంటుంది. ఆ మెతుకును గొట్టంలో నిలబెట్టి, పచ్చి మాంసంతో కలిపి వండడం వల్లనే ఎసరు దగ్గర ఇంత జాగ్రత్త.

అంగడి, అడవి

కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం 1960ల్లో బస్తరు ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి వేసింది. యాత్రికులు దాని మీదే ఎక్కి వచ్చారు. 2017లో అద్దాల బోగీ తగిలించాక ఇంకా ఎక్కువ వచ్చారు. బొర్రా, కటికి, చాపరాయి, అరకు సెంటరు, ఆ పైన లంబసింగి, ఇటు మారేడుమిల్లి, బండి ఆగిన చోటల్లా నిప్పుల వరస, వాటి మీద బొంగుల వరస. చలికాలం మంచు చూడడానికి వచ్చే నవంబరు, డిసెంబరు, జనవరి నెలలే గిరాకీ. కొండ మీద అవసరానికి పుట్టిన వంట కొండ కిందివాళ్ళకు వినోదమైంది. దాని మీద నాలుగు డబ్బులు కొండవాళ్ళకు మిగిలితే తప్పు పట్టేదేమీ లేదు.

అయితే రద్దీ పెరిగితే ముందు పోయేది బియ్యం బొంగే. ఒట్టి చికెన్ బొంగు కొంచెం అటూఇటూ అయినా తినొచ్చు, అన్నం పలుకైతే కొన్నవాడు తిరిగి ఇచ్చేస్తాడు. అందుకే నగరాల హోటళ్ళలో చాలాచోట్ల డేగిసాలో వండిన బిర్యానీని బొంగులో కూరి, వేడి చేసి, బల్ల మీద వంచుతారు. పసిగట్టడం తేలిక. బొంగు బయట నల్లబడి ఉన్నా లోపలి గోడ ఎండి తెల్లగా ఉంటే, మెతుక్కి వెదురు వాసన పట్టకపోతే, ఆ అన్నం అందులో ఉడికింది కాదు.

చట్టంలో వెదురు చాలాకాలం చెట్టుగానే ఉండిపోయింది. అది గడ్డి జాతిదని వృక్షశాస్త్రం ఎప్పుడో తేల్చినా, అడవి శాఖకు అది కలప. నరకాలన్నా మోయాలన్నా అనుమతి. రాజమండ్రి, రాయగడ కాగితం మిల్లులకు ఈ కనుమల వెదురు బళ్ళ కొద్దీ పోయిన రోజుల్లోనే కొండవాడు బుట్ట అల్లుకోవడానికి గెడ కొడితే నేరం. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా చెప్పింది. 2017లో సవరణతో అడవి బయట పెంచిన వెదురు చెట్టు నిర్వచనం నుంచి తప్పుకుంది.

అడవికి సంబంధించి వంటవాడికీ పొదకూ మధ్య ఒక పేచీ మిగిలే ఉంది. పొద బతకాలంటే లేత గెడల్ని వదిలి, మూడేళ్ళు దాటినవి కొట్టాలని వెదురు పెంచేవాళ్ళ నియమం. కొత్త కొమ్ములకు తిండి పంపేవి ఆ లేతవే. వంటకేమో కావలసింది అవే. ఒక గెడ నుంచి కుండకు సరిపోయే లావు కణుపులు కింది సగంలోనే వస్తాయి. వానాకాలంలో, కొమ్ములు లేచే నెలల్లో అసలు కొట్టకూడదు. పెరటి కంచెల్లో ముళ్ళ వెదురు పెంచుకున్న ఊళ్ళకు ఈ పేచీ తక్కువ, ఏ గెడ ఎప్పటిదో ఇంటివాళ్ళకు గుర్తుంటుంది.

ఒకసారి కాలిన బొంగు మళ్ళీ కుండగా పనికిరాదు. చీల్చి, ఆరబెట్టి, తరువాతి వంటకు పొయ్యిలోకి తోస్తారు. గెడ పైభాగంలోని సన్న కణుపులు కూడా అక్కడికే పోతాయి, కాని వాటిని కత్తితో ఒక్క గంటు పెట్టి మరీ వేస్తారు, లేకపోతే పేలి నిప్పులు చుట్టూ ఎగురుతాయి.